మొదటి భాగాలే తీసుకునే మనిషి

పందొమ్మిదేళ్ల కిందట తన చేత్తో కట్టిన డేటాబేస్‌ని మళ్లీ తననే విప్పి కట్టమని పిలుపు వస్తే ఎవరికైనా కాస్త గర్వంగానే ఉంటుంది. టేబులమ్మకీ ఉంది, లేదనడం ఎందుకు? ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఏ ఆఫీసులో చేరినా పదిరోజులు తిరక్కుండా ఆ పేరు మరుగున పడి ఈ పేరు అతుక్కుంటుంది. ఎవరే సమస్య చెప్పినా "దానికో టేబుల్ పెడదాం" అనే మనిషిని మరేమంటారు? ఇంట్లో సబ్బు అయిపోయిందన్నా అదే మాట అంటుందని వాళ్లాయన ఫిర్యాదు.

పిలిచింది అంధుల లైబ్రరీ. మూడంతస్తుల పాత భవనం, ఇరుకు మెట్లు, ఎటు చూసినా పైకప్పు దాకా షెల్ఫులు. షెల్ఫుల నిండా బ్రెయిలీ పుస్తకాలు, అంటే చుక్కల మీద వేళ్లు జరుపుకుంటూ చదువుకునేవి. ఇరవయ్యొక్కేళ్ల వయసులో కాలేజీ ప్రాజెక్టు కింద ఆమె ఈ లైబ్రరీకి డేటాబేస్ చేసిపెట్టింది. అప్పట్లో ఇక్కడికి వచ్చింది రెండేసార్లు. ఒకసారి పుస్తకాల జాబితా పట్టుకెళ్లడానికి, ఇంకోసారి చేసింది కంప్యూటర్లో ఎక్కించి చేతులు దులుపుకోవడానికి. ఒక్క పుస్తకాన్నయినా షెల్ఫులోంచి తీసి చూసిన పాపాన పోలేదు.

"మీరు కట్టిందే కదండీ, మీరే విప్పండి" అన్నారు లైబ్రేరియన్ గారు. చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకుని, ఏ కాగితం చూసినా ఎక్కడో ఒకచోట గీత గీస్తే తప్ప తోచని మనిషి. "శనివారం పొద్దున కొత్తది మొదలవ్వాలి. అన్నట్టు, ఇంకో చిన్న పని. పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని సగంలో వదిలేసేవాళ్లున్నారు. పార్సిళ్లు కట్టడానికి మనకున్నది ఒకే ఒక్క మనిషి. అలాంటివాళ్ల సభ్యత్వం తీసేద్దామని కమిటీలో అనుకున్నాం. కొత్తదాంట్లోకి వాళ్లని ఎక్కించకండి."

"ఎవరెవరండీ వాళ్లు?"

"జాబితా మీరే తీసివ్వాలి. ఒకాయన సంగతి మాత్రం నాకే తెలుసు. నాలుగు వందల పదిహేడో నంబరు. మొహం ఎప్పుడూ చూడలేదు. ఏ పుస్తకమైనా మొదలుపెడతాడు, పూర్తి చెయ్యడు. ఆయన పేరు మొట్టమొదట కొట్టేయండి." ఎర్ర పెన్ను తీసి గాల్లోనే గీత గీసేశారు.

అది బుధవారం. టేబులమ్మ కౌంటరు వెనకున్న బల్ల దగ్గర కూర్చుని, తను ఇరవయ్యొక్కేళ్లప్పుడు రాసిన అక్షరాలని తెరమీద చూసుకుంది. పాత ఫొటో ఆల్బమ్ తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అబ్బో, ఆ వయసులోనే ఎంత పొందిగ్గా రాశానో అని ఒకచోట మురిసిపోయింది. ఛీ, ఇదేం రాతరా బాబూ అని పదిచోట్ల తల పట్టుకుంది. మొత్తం లైబ్రరీని ఒక్క పెద్ద టేబుల్‌లో కుక్కింది. ఎవరు, ఏ పుస్తకం, ఏ రోజు, వాళ్ల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, పుట్టినరోజు, అన్నీ ఒకే వరసలో. ఒక మనిషి ఇల్లు మారితే నూటయాభై వరసల్లో చిరునామా మార్చాలి. పైగా ఆమె రాయని కాలమ్ ఒకటి చివర్న వేలాడుతోంది. దాని పేరు "భాగం".

ఈ భాగం ఏమిటో తెలుసుకుందామని లేచి షెల్ఫు దగ్గరికి వెళ్లింది. జాబితాలో నంబరు చూసుకుని ఒక నవల బయటికి లాగింది. చెయ్యి బరువుకి కిందికి జారింది. మామూలుగా అరచేతిలో ఇమిడే నవల అది. ఇక్కడ అది నాలుగు బండ పుస్తకాలు, ఒక్కోటీ తలగడంత ఉంది. పందొమ్మిదేళ్ల తర్వాత, తను డేటాబేస్ కట్టిన లైబ్రరీలోని పుస్తకాన్ని ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఓహో, ఇదా భాగమంటే!" అనుకుంటూ తిరిగి వచ్చి కూర్చుంది.

ఇక లైబ్రేరియన్ గారి జాబితా. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో మనం అడగాల్సింది తిన్నగా అడిగితే అది తిన్నగానే జవాబు చెబుతుంది, మొహమాటం లేదు. మొదటి భాగం తప్ప ఇంకేదీ ఎప్పుడూ తీసుకోనివాళ్లెవరు అని అడిగింది. ఒకటీ అరా పుస్తకం తీసుకుని మానేసినవాళ్లు ఐదుగురు వచ్చారు. మిగతావాళ్లందరి ఖాతాల్లోనూ ఒకే భాగంలో అయిపోయే చిన్న పుస్తకాలు కూడా ఉన్నాయి, అందుకని వాళ్లు రాలేదు. వాళ్ల కింద నాలుగు వందల పదిహేడు. ఆయన ఖాతాలో నూటపన్నెండు పుస్తకాలు, అన్నీ పెద్ద నవలలే. నూటపన్నెండుకి నూటపన్నెండూ మొదటి భాగాలే.

అదేం విడ్డూరం! నచ్చకపోతే రెండు పుస్తకాలు వదిలేస్తారు, మరీ నస పెట్టే మనిషైతే పది వదిలేస్తారు. నూటపన్నెండు పుస్తకాల్లో ఒక్కదాని చివరైనా తెలుసుకోవాలని అనిపించని మనిషి ఉంటాడా? టేబులమ్మకి ఇలాంటిది ఒకటి దొరికితే ఇక అన్నం సహించదు. సరే, దీన్ని తిరగేసి అడిగి చూద్దామని, మొదటి భాగం ఒక్కసారి కూడా తీసుకోకుండా తర్వాతి భాగాలే తీసుకునేవాళ్లెవరు అని ఉత్త సరదాకి అడిగింది. ఎవరూ ఉండరనే అనుకుంది.

ఎనభై ఆరుమంది ఉన్నారు.

ఒళ్లంతా కళ్లు చేసుకుని చూసింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిదో నంబరుతో మొదలై వెనక్కి వరసగా ఎనభై ఆరుమంది. అందరిదీ ఒకే చిరునామా. అందరూ పుట్టింది ఒకే రోజు, ఒకే సంవత్సరం. ఒక్కొక్కరూ వందల కొద్దీ చదివారు, కానీ కథ మొదలు ఎవరికీ అక్కర్లేదు. ఆ చిరునామా ఎక్కడో విన్నట్టుందే అనుకుని కిటికీలోంచి గేటు మీది బోర్డు చూస్తే, అదే. ఈ భవనమే.

"పెద్దక్కా, ఒకసారి ఇలా వస్తారా?" అని పిలిచింది.

పెద్దక్క అంటే కౌంటరు చూసే ఆవిడ. పుట్టుకతోనే చూపు లేదు. ముప్ఫయ్యేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని, చదివి వినిపించే కంప్యూటర్‌తో రోజూ గొడవపడుతూ లైబ్రరీని నడుపుతోంది. లైబ్రేరియన్ గారి దగ్గర్నుంచి తుడిచే మనిషి దాకా అందరికీ ఆవిడ పెద్దక్కే.

"ఏంటమ్మాయ్, ఏమైనా పేలిందా?"

"ఈ తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎవరక్కా?"

"మా బావగారు."

"తొంభై ఎనిమిది?"

"మా అక్క, ఆయన పెళ్లాం."

"తొంభై ఏడు?"

"వాళ్ల పెద్దాడు. చదువంటే పడి చస్తాడు."

టేబులమ్మ ఒక క్షణం నమ్మేసింది కూడా. "మరి మీరే పెద్దక్క కదా, మీకు అక్కెక్కడిది?"

పెద్దక్క పకపకా నవ్వింది. "ఎక్కడా లేదు. నేనే పుట్టించా. ఎనభై ఆరుమందినీ కన్నతల్లిని నేనే. ఏం చెయ్యమంటావ్? నీ కంప్యూటర్ ఎవరికైనా మొదటి భాగం ఇస్తే ఊరుకుంటుంది. వాళ్లే వచ్చి రెండో భాగం అడిగితే కుదరదంటుంది. మొదట్లో అసలు భాగమన్న ముక్కే లేదు. నేను అరిచి గోలపెడితే ఎవరో రిపేరు చేసే అతను వచ్చి ఆ కాలమ్ తగిలించి పోయాడు. అయినా కుదరదనే అంది. జనం ఎదురుగా నిలబడి చెయ్యి చాపుతుంటే నేనేం చెప్పను? అందుకని మా బావగారిని పుట్టించి, రెండో భాగం ఆయన పేరు మీద రాసి, వీళ్ల చేతిలో పెట్టా. మూడో భాగం మా అక్క పేరు మీద. అదే పుస్తకం ఇంకొకరు అడిగితే బావగారికి కూడా కుదరదన్నావ్. సరేనని ఇంకొకళ్లని కన్నా. ఏటేటా సభ్యులు పెరుగుతున్నారని లైబ్రేరియన్ గారు తెగ సంబరపడిపోతారు, పాపం."

టేబులమ్మ నవ్వలేదు. తెరమీద టేబుల్ నిర్మాణం తెరిచి చూసింది. ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ అని ఒకటుంటుంది. ఏ వరస ఏదో గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. అదే ఆనవాలుతో రెండో వరస వస్తే కంప్యూటర్ గుమ్మంలోనే ఆపేస్తుంది. తను ఆనవాలుగా పెట్టినవి రెండే: పాఠకుడి నంబరు, పుస్తకం నంబరు. ఒక మనిషి, ఒక పుస్తకం, ఒకేసారి, అయిపోయింది. ఇక రెండోసారి ఎందుకు తీసుకుంటారు అనుకుంది ఆనాడు. నాలుగు భాగాల పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఉంటే అలా అనుకునేది కాదు. రిపేరు అతను భాగం అనే కాలమ్ అయితే కలిపాడు గానీ, కీ జోలికి పోతే ఏం కూలుతుందోనని దాన్ని ముట్టుకోలేదు. ప్రాజెక్టు పరీక్షలో ఈ కీని చూసే లెక్చరర్ భేష్ అన్నాడు. ఆమె ఆ రోజు గాల్లో తేలుతూ ఇంటికెళ్లింది.

"అక్కా, ఈ నిర్వాకం నాదే" అంది చిన్న గొంతుతో.

"తెలుసులే. నీ గొంతు గుర్తుంది నాకు. అప్పుడు కూడా ఇలాగే గబగబా మాట్లాడేదానివి, ఎదుటి మనిషిని ఒక్క ముక్క చెప్పనివ్వకుండా."

అంతకు మించి పెద్దక్క దెప్పలేదు. టేబులమ్మకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మరి నాలుగు వందల పదిహేడుకి మీ బావగారి పేరు మీద ఎందుకు పంపలేదు?"

"ఆయన పోస్టు మనిషి కదా. పోస్టులో తెప్పించుకునేవాళ్లు రెండో భాగం రాకపోతే నాకు ఫోన్ చేసి చెడామడా తిడతారు, నేను పంపిస్తా. ఈయన ఎప్పుడూ చెయ్యలేదు. అడగని మనిషికి నేనేం పంపను? మొదటి భాగం చాలేమో అనుకున్నా."

అడగలేదా? టేబులమ్మ గురువారం పొద్దున్నే వచ్చి, పాత కంప్యూటర్‌లో మూలమూలలా వెతికింది. పదకొండింటికి ఒక చిన్న టేబుల్ దొరికింది. అదీ తను పెట్టిందే, పెట్టి మర్చిపోయింది. కంప్యూటర్ కుదరదన్న ప్రతిసారీ ఎవరికి, ఏ పుస్తకానికి, ఏ తేదీన అన్నదో అందులో దానంతటదే రాసుకుంటుంది. పందొమ్మిదేళ్లుగా దాన్ని తెరిచినవాళ్లు లేరు. నాలుగు వందల పదిహేడు ఏమైనా ఉందా అని అడిగింది.

నూటపద్నాలుగు వరసలు వచ్చాయి. మొదటి పుస్తకానికి మూడుసార్లు, వారానికోసారి. ఆ తర్వాత ప్రతి పుస్తకానికీ ఒక్కసారి. ఏ ఒక్క పుస్తకాన్నీ వదల్లేదు. మొన్న పోయిన నెల కూడా ఉంది.

"అడిగాడక్కా" అంది. "నూటపన్నెండు పుస్తకాలకీ రెండో భాగం అడిగాడు."

ఆ కాగితం పట్టుకుని లైబ్రేరియన్ గారి గదిలోకి వెళ్లింది. ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, అలవాటు కొద్దీ కింద ఒక గీత గీసి, "అడగడం వేరండీ, చదవడం వేరు. పందొమ్మిదేళ్లు రెండో భాగం రాకపోతే నోరు తెరిచి ఒక్క ఫోన్ చెయ్యని మనిషికి చదవాలని ఉన్నట్టా? రేపు సాయంత్రంలోగా తేల్చండి. లేకపోతే పేరు తీసెయ్యండి" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆయన పెన్ను మూత ఊరికే ఉండదు.

నిజమే కదా, ఎందుకు చెయ్యలేదు? ఇప్పుడు ఆమెని తొలిచేస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే. మెట్లు దిగి పార్సిల్ గదికి వెళ్లింది. అక్కడ పార్సిల్ బాబాయి సంచులకి బెల్టులు బిగిస్తున్నాడు. రిటైరు కావడానికి ఏడాది ఉంది, నడుం ఎప్పుడో రిటైరైపోయింది.

"బాబాయ్, పోస్టులో ఎవరైనా రెండో భాగం అడిగితే ఏం చేస్తావ్?"

"ఏముందమ్మా, అడుగుతూ వాళ్లు పంపే కార్డులు తిన్నగా నా దగ్గరికే వస్తాయి. వాళ్ల నంబరు, పుస్తకం నంబరు కొడతా. ఇమ్మంటే ఆ మిషన్ చీటీ అచ్చేస్తుంది, పుస్తకంతో పాటు పంపిస్తా. కుదరదంటే ఇంకో రకం చీటీ అచ్చేస్తుంది. అప్పుడు చీటీ ఒక్కటే కవర్లో పెట్టి పంపిస్తా."

"ఆ చీటీ మీద ఏముంటుంది?"

"చుక్కలుంటాయి. నాకేం తెలుసు చుక్కల భాష? అది వాళ్లకీ కంప్యూటర్‌కీ మధ్య వ్యవహారం."

టేబులమ్మ నాలుగు వందల పదిహేడు కొట్టింది, ఒక పుస్తకం నంబరు కొట్టింది, రెండో భాగం అంది. మూలనున్న మిషన్ టకటకమని చీటీ బయటికి తోసింది. దాన్ని రెండు మెట్లకో అంగ వేసుకుంటూ పైకి తెచ్చి పెద్దక్క చేతిలో పెట్టింది. పెద్దక్క చూపుడువేలు చుక్కల మీద ఎడమ నుంచి కుడికి నడిచింది, ఆగింది, మళ్లీ వెనక్కి వెళ్లి నడిచింది.

"మీరు ఈ పుస్తకం ఇదివరకే చదివారు" అని చదివింది పెద్దక్క.

టేబులమ్మ ఆ మాట వెంటనే గుర్తుపట్టింది. ఆ వాక్యం తనదే. కుదరదన్నప్పుడు కంప్యూటర్ మర్యాదగా మాట్లాడాలి కదా అని, ఒక సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చుని, మూడు వాక్యాలు రాసి రెండు కొట్టేసి దీన్ని ఉంచింది. చక్కగా ఉందని స్నేహితురాలికి చదివి కూడా వినిపించింది. పాఠకుడు ఏం చదివాడో, ఏం చదవలేదో తనకెలా తెలుసని రాసింది? అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తల్చుకుంటే భయమేసింది.

"మిగతావాళ్లు దీనికే నన్ను తిట్టేవాళ్లన్నమాట" అంది పెద్దక్క. "చదవలేదు మొర్రో అంటే చదివానంటారేంటని. వాళ్ల అరుపుల్లో నాకు ఈ మాట సరిగ్గా వినబడలేదు."

ఆ రోజంతా, శుక్రవారం మధ్యాహ్నం దాకా, టేబులమ్మ తల ఎత్తలేదు. పెద్ద టేబుల్‌ని విప్పి నాలుగు చేసింది. పుస్తకాలకి ఒకటి. ఒక్కో పుస్తకానికి ఎన్ని భాగాలుంటే అన్ని వరసలతో భాగాలకి ఒకటి. పాఠకులకి ఒకటి, చిరునామా ఇక ఒక్కచోటే. నాలుగోదానికి రాకపోకలు అని పేరు పెట్టింది: ఏ భాగం, ఎవరి దగ్గరికి, ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు వచ్చింది. అందులో ప్రతి వరసకీ దాని సొంత నంబరు ఉంటుంది కాబట్టి, ఒక మనిషి ఒకే పుస్తకాన్ని ఎన్నిసార్లు తీసుకున్నా అడ్డు చెప్పే కీ లేదు. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వరసలు తోలింది, ఎక్కడ తేడా వచ్చినా మొత్తం వెనక్కి తిరిగిపోయేలా ముందే కట్టడి చేసి మరీ. రెండువైపులా లెక్కపెట్టింది. అటు ముప్ఫై ఒక్క వేల నాలుగు వందల ఎనిమిది, ఇటూ అంతే. హమ్మయ్య అనుకుంది.

పెద్దక్క గారి సంతానం దగ్గర మాత్రం ఆగింది. "అక్కా, మీ బావగారి పేరు మీద వెళ్లినవి అసలు ఎవరు చదివారో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. పేరు దగ్గర ఖాళీ వదిలెయ్. ఎవరో ఒకరు చదివారు, అది అబద్ధం కాదుగా."

తెలియనిదాన్ని తెలియనట్టే వదిలెయ్యడం ఆమె ఆలస్యంగా నేర్చుకున్న విద్య. ఖాళీ వదిలేసింది. ఎనభై ఆరుమందీ ఒక్క వాక్యంతో మాయమైపోయారు. పెద్దక్క "అయ్యో, మా బావగారు" అని ఉత్తుత్తి ఏడుపు ఏడ్చింది. తర్వాత టేబులమ్మ నాలుగు వందల పదిహేడు పేరు మీద, ఆయన అన్నిటికంటే ముందు అడిగిన పుస్తకం, రెండో భాగం రాసి చూసింది. ఒక వరస చేరింది అంది కంప్యూటర్. అంతే, ఇంకేం అనలేదు.

మూడింటికి పెద్దక్క పక్కన కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, నాలుగు వందల పదిహేడుకి కలిపింది. ఆ పుస్తకానికి చివరిదైన రెండో భాగం పెద్దక్క ఒళ్లో ఉంది.

"ఎవరండీ?" అంది అవతలి నుంచి ఒక పెద్దాయన గొంతు. వెనకాల ఏదో సన్నగా గీసుకుంటున్న చప్పుడు.

లైబ్రరీ నుంచి అని చెప్పగానే ఆ చప్పుడు ఆగిపోయింది. "తప్పేమైనా జరిగిందామ్మా? పుస్తకాలు వెనక్కి పంపించేశానే. పంపించాననే అనుకుంటున్నా."

"పంపించారండీ, ఏ తప్పూ లేదు. మీరేం చేస్తుంటారు?"

"కుర్చీలకి కేన్ అల్లుతానమ్మా. చిన్నప్పటి నుంచీ అదే పని. అందరూ మేస్త్రీ అంటారు."

టేబులమ్మ ఇక నాన్చలేకపోయింది. "మేస్త్రిగారూ, మీరు రెండో భాగం అడిగిన ప్రతిసారీ ఒక చీటీ వచ్చేది కదా. అది వచ్చినప్పుడు మాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"ఎందుకు చెయ్యాలమ్మా? ఇదివరకే చదివారని మీరు రాస్తున్నారు. చదివే ఉంటాను. నేను కంప్యూటరు రాకముందు నుంచీ మీ సభ్యుణ్ణి. అప్పట్లో బోలెడు చదివా. మీకు కంప్యూటరు వచ్చిన ఏడాదే నేను బస్సు మెట్ల మీంచి పడ్డా. తలకి దెబ్బ తగిలింది. కొన్ని సంగతులు మర్చిపోవచ్చని డాక్టరు చెప్పాడు. అన్నీ బాగానే గుర్తున్నాయే అనుకున్నా. నెల తిరగ్గానే మీ చీటీ వచ్చింది. మూడుసార్లు అడిగా, మూడుసార్లూ అదే వచ్చింది. మొదటి భాగం నాకు కొత్తగానే అనిపించింది మరి. చదివిన పుస్తకం కొత్తగా ఉందంటే ఇంక అర్థమేంటి? భయమేసింది."

"ప్రతి పుస్తకానికీ అడిగారు కదా?"

"ఒక్కటైనా చదవనిది తగులుతుందేమోనని. తగల్లేదు."

టేబులమ్మ ఫోన్‌ని పెద్దక్క వైపు జరిపింది. పెద్దక్క అందుకుంది. "అన్నయ్యా, నేను కౌంటరులో ఉంటా. అన్నిటికంటే ముందు అడిగారే, గడియారాలు బాగుచేసేవాడు కూతుర్ని తీసుకుని రైలెక్కుతాడు, అది గుర్తుందా?"

"మొదటి భాగం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మంచినీళ్ల కోసం దిగుతాడు, రైలు కదిలిపోతుంది. పిల్ల ఒక్కతే రైల్లో ఉండిపోతుంది."

"తర్వాత?"

"తర్వాతది మర్చిపోయా కదా. చాలారోజులు కూర్చుని గుర్తు తెచ్చుకున్నా. మసకమసగ్గా వచ్చింది. పిల్ల ఏదో స్టేషన్లో దిగి అక్కడే పెరుగుతుంది. ఆ స్టేషన్ గడియారం పాడైతే ఎవరూ చెయ్యలేకపోతారు. తండ్రి పనిచేస్తుంటే చూసిన చేతులు కదా, పిల్ల బాగుచేస్తుంది. రైళ్లన్నీ దాన్ని చూసే కదులుతాయి. ఆ గడియారం మోత విని తండ్రి ఆ స్టేషన్లో దిగుతాడు. తన చేతి పని తనకి తెలీదా? అలాగే అన్నీ. ఒక్కోదాని చివర అలా కష్టపడి గుర్తు తెచ్చుకుని మా ఆవిడకి చెబుతుంటా."

పెద్దక్క ఒళ్లోని పుస్తకం చివరి పేజీ తెరిచి వేళ్లతో తడిమింది. తడుముతూనే తల అడ్డంగా ఊపింది. "అన్నయ్యా, ఈ కథ నేను చదివిందే, పుస్తకంలో ఇది లేదు. ఆ తండ్రి పక్క స్టేషన్‌కి పరిగెత్తుకెళ్లి పిల్లని ఎత్తుకుంటాడు. చివర్న ఇద్దరూ ఇంటికెళ్లిపోతారు. పెరగడం లేదు, స్టేషన్ గడియారం లేదు. మీరు చెప్పింది ఎక్కడా లేదు."

"అదేంటి?" అన్నాడు మేస్త్రి. "అంటే గుర్తొచ్చిందనుకున్నది కూడా తప్పేనా?"

"కాదండీ!" అని దాదాపు అరిచింది టేబులమ్మ. "వినండి మేస్త్రిగారూ. మీరు ఆ పుస్తకం చదవలేదు. నూటపన్నెండు పుస్తకాల్లో ఒక్కదానికి కూడా రెండో భాగం మీ ఇంటికి రాలేదు. మేం పంపలేదు. ఒక పుస్తకం ఎన్ని భాగాలుంటుందో తెలీకుండా నేను ఆ డేటాబేస్ కట్టా. మొదటి భాగం ఇస్తే చాలు, మొత్తం చదివేసినట్టే లెక్క. ఆ చీటీ మీద మాట కూడా నేనే రాశా. అది అబద్ధం. మీరేదీ మర్చిపోలేదు. ఆ చివరలు మీకు గుర్తు రాలేదు, మీరే కల్పించారు."

లైను తెగిందేమోనని పెద్దక్క ఫోన్ మీదికి వంగింది.

"నన్ను శిక్షణ కేంద్రంలో మాస్టరుగా రమ్మన్నారమ్మా అప్పట్లో" అన్నాడు చివరికి. "పాతికమంది పిల్లలకి అల్లిక నేర్పాలి. మతి లేనివాణ్ణి నేనేం నేర్పుతానని వద్దనేశా. రెండుసార్లు వచ్చి అడిగారు."

క్షమించమని అడుగుదామనుకుంది టేబులమ్మ. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"అమ్మా, ఒక్క నిమిషం ఉంటావా? పెట్టెయ్యకు." ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని కేకేశాడు. "ఏమే! ఒకసారి ఇలా రా. తొందరగా రా." అడుగుల చప్పుడు, ఏమైందండీ అనే కంగారు, కుర్చీ జరిగిన శబ్దం. "లైబ్రరీ వాళ్లు. ఇందాక చెప్పిందే మళ్లీ చెప్పమ్మా. నేను చెబితే నమ్మదు. మా ఆవిడకి చెప్పు."

టేబులమ్మ ఈసారి గబగబా మాట్లాడలేదు. "మీ ఆయన ఏదీ మర్చిపోలేదమ్మా. ఆ పుస్తకాలు ఆయన చదవనే లేదు. తప్పు మాది. ఆయన జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు."

ఆవిడ జవాబు టేబులమ్మతో చెప్పినట్టు లేదు.

"పందొమ్మిదేళ్లుగా ఈయన గ్యాస్ కట్టేసిన ప్రతిసారీ నేను వెనకాలే వెళ్లి చూస్తున్నా" అంది. "ఒక్కరోజు కూడా తెరిచి లేదు."